పైనుంచి పచ్చగా కనిపించిన చేలు

దసరా సెలవులకు మా అపార్ట్‌మెంట్ వాళ్లు ఒకరు అరకు వెళ్లారు, ఒకరు ఊటీ వెళ్లారు. మేము దేవరుప్పుల, మహబూబాబాద్, టేకుమట్ల వెళ్లొచ్చాం. "అక్కడ చూడ్డానికి ఏముందండీ?" అని పక్కింటి మూర్తిగారు అడిగారు. "చేలు" అన్నాను. ఆయన నా ఆరోగ్యం గురించి ఇంకో రెండు ప్రశ్నలు వేసి వెళ్లిపోయారు. ఆయన కోసమూ, ఆయనలాగే అటు ఎప్పుడూ వెళ్లని వాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను.

అసలు ఆ ప్రయాణం నాది కాదు, నా భార్య రజితది. ఉపగ్రహాలు పైనుంచి తీసి పంపే చిత్రాలు చూసి, ఏ మండలంలో పంట ఎలా ఉందో పటాలు తయారు చేయడం ఆమె ఉద్యోగం. నేను హైదరాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. ఆషాఢంలో నా గుండెలో స్టెంటు వేశారు. అప్పటి నుంచి సెలవులో ఉన్నాను. నన్ను ఇంట్లో ఒంటరిగా వదిలితే ఆవకాయ జాడీ మూత తీస్తానని రజిత నమ్మకం. ఆ నమ్మకాన్ని వమ్ము చేసే ఉద్దేశం నాకూ లేదు. అందుకని నన్నూ నా మందుల డబ్బానూ కారు వెనక సీట్లో కూర్చోబెట్టింది.

ఈ ఏడు జనగామ వైపు తొలకరి పడింది, రైతులు విత్తనాలు వేశారు, ఆ తర్వాత వాన మాయమైంది. మళ్లీ వినాయక చవితి దాటాక గానీ పడలేదు. ఎక్కడెక్కడ పంట ఎండిందో, ఎవరికి పరిహారం రావాలో తేల్చడానికి రజిత వాళ్ల పటం కూడా ఒక ఆధారం. ఆ పటంలో దేవరుప్పుల చుట్టుపక్కల మెట్ట చేలన్నీ ముదురాకుపచ్చ రంగులో ఉన్నాయి. అంటే పంట బ్రహ్మాండంగా ఉందని.

"మంచిదేగా?" అన్నాను.

"వాన లేక ఎండాల్సిన చేను పచ్చగా ఎలా ఉందండీ? అది ఏం పచ్చో కళ్లతో చూడకుండా నేను సంతకం పెట్టను" అంది.

ఆ వారంలోనే పటం పంపాలి. మర్నాడు పొద్దున్నే బయల్దేరాం.

దేవరుప్పుల

యాకయ్య అనే జనగామ మనిషి మా కారు నడిపాడు. యాభై దాటినవాడు. ఏ సంగతి ఎత్తినా ఆయన దగ్గర ఒక అభిప్రాయం సిద్ధంగా ఉంటుంది. జనగామలో టీకి ఆపాడు. గ్లాసు పది రూపాయలు, నాకు చక్కెర లేకుండా. మా కోనసీమలో ఎదురైన మనిషిని "ఎప్పుడొచ్చావు?" అని పలకరిస్తారు. ఆ టీ కొట్టు దగ్గర మాత్రం ఒకరినొకరు "మీ దిక్కు వడ్డదా?" అని పలకరించుకుంటున్నారు. ఏం పడిందని ఎవరూ ఎదురు అడగలేదు.

దారిలో రజిత నాకు పాఠం చెప్పింది. ఆకు ఎర్రని వెలుగును తినేస్తుందట. ఎరుపుకు అవతల మన కంటికి ఆనని వెలుగు ఒకటి ఉంటుంది. దాన్ని మాత్రం తనకొద్దని పైకి విసిరేస్తుందట. ఆకు ఎంత ఆరోగ్యంగా ఉంటే అంత గట్టిగా విసురుతుంది. ఉపగ్రహంలోని సెన్సర్లు ఆ రెండు వెలుగులనూ కొలుస్తాయి. రెండింటికీ తేడా ఎక్కువుంటే చేను పచ్చగా ఉన్నట్టు, తక్కువుంటే వాడినట్టు. ఒక చేనో ఊరో కాదు, జిల్లాలకు జిల్లాలు ఒక్క చిత్రంలో వచ్చేస్తాయి.

"అది ఏ మొక్క ఆకో చెప్పదా?" అన్నాను.

"వారం వారం చిత్రాలు వరసగా ఉంటే పట్టుకోవచ్చు. పత్తి ఎదిగే తీరు వేరు, వరి ఎదిగే తీరు వేరు. ఈసారి మధ్యలో చిత్రాలు లేనట్టే. చూసిన ప్రతిసారీ తెల్లగా మబ్బులే."

"వాన పడలేదన్నావుగా?"

"మబ్బుంది, వాన లేదు" అంది.

ముందు సీట్లోంచి యాకయ్య, "గట్లనే జేసింది మేడం, రోజు మొగులైతది, ఉరుముతది, పోతది. మమ్మల్ని ఆగం జేసింది" అన్నాడు.

దేవరుప్పుల దాటాక పటంలో అన్నిటికన్నా పచ్చగా ఉన్న చోటికి తీసుకెళ్లమంది రజిత. మట్టి బాటలో కొంత దూరం పోగానే ఆమె "ఆపన్నా, ఆపన్నా" అంటూ కారు పూర్తిగా ఆగక ముందే తలుపు తీసింది. "గునుగు! ఏమండీ, గునుగు!"

గునుగు అంటే బతుకమ్మ పేర్చే పువ్వు. నక్క తోకలాగా నిటారుగా ఉండి, కింద తెలుపు, కొసన లేత గులాబీ రంగు. రోడ్డు అంచు నుంచి దూరంగా గుట్ట దాకా అదే పూసి ఉంది. రజిత చిన్నప్పుడు హుస్నాబాద్ దగ్గర వాళ్ల ఊళ్లో ఈ పువ్వు కోసం పొద్దున్నే సంచులు పట్టుకుని పోయేవాళ్లట. నలభై ఎనిమిదేళ్ల మనిషి, గట్టు దూకి నడుము లోతు పూలలోకి పరిగెత్తింది. నేను ఫోన్ తీసి ఫొటో పట్టబోయాను. అప్పటికే ఆమె నిలబడిపోయింది. వంగి, కాళ్ల దగ్గర నుంచి ఏదో పీకింది. జానెడు పత్తి మొక్క. ఎండిపోయి పుల్లలా ఉంది. పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. సాలు వెంట వరసగా ఉన్నాయి, గునుగు కింద.

ఆమె చేతిలోని ట్యాబ్‌లో మేము నిలబడ్డ చోటు ముదురాకుపచ్చగా వెలుగుతోంది.

అవతలి గట్టు మీద నుంచి ఒకామె పూల మోపుతో వచ్చింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. పేరు ఎల్లవ్వ. "ఎవలు బిడ్డ మీరు?" అంది.

"పట్నం నుంచి వచ్చినం అవ్వా. పంటలెట్లున్నయో సూస్తున్నం. గీ చెలక నీదేనా?" అంది రజిత.

నేను ఆమె వంక తిరిగి చూశాను. పెళ్లయి మా ఇంటికి వచ్చిన కొత్తలో మా అమ్మకు అర్థం కావాలని మా మాట పట్టుకున్న మనిషి. ఇరవై ఏళ్ల పైన నాతో అదే మాట్లాడుతోంది. ఆ చెలకలో, అంటే ఆ మెట్ట చేలో, ఆమె గొంతు కూడా మారింది. కొంచెం గట్టిగా, వేగంగా, మధ్యలో ఎక్కడా తడుముకోకుండా ఉంది.

"నాదే. పత్తి వెట్టిన బిడ్డ. రెండుసార్లు వెట్టిన. మొలిశింది మొలిశినట్టే మాడింది. మొన్న వాన వడ్డంక గీ గునుగు లేశింది. ఊరోళ్లంత బతుకమ్మకు నా చేన్లకే వస్తున్రు. సూడు, ఎంత మంచిగ పూసిందో."

తాను పండించిన దాన్ని చూపించినట్టే చూపించింది. రజిత ట్యాబ్ ఆమె ముందు పట్టింది. "అవ్వా, గిది మీదికెల్లి తీసిన ఫొటో. గిదే నీ చెలక."

"గింత పచ్చగున్నదేంది?"

"గునుగును సూసి పత్తి అనుకున్నది అవ్వా."

ఎల్లవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "గంత మీద ఉంటె దానికేం ఎరుక, పాపం" అంది. ఉపగ్రహం మీద జాలి పడిన మనిషిని నేను ఆమె తప్ప ఎవరినీ చూడలేదు.

అయితే చిక్కు అప్పుడే బయటపడింది. ఎల్లవ్వ మర్నాడు ట్రాక్టర్ పిలిచి చేను దున్నించబోతోంది. నేలలో పదును, అంటే తడి, ఉండగానే జొన్న వేయాలి, ఆలస్యమైతే విత్తనం మొలవదు. దున్నేస్తే ఎండిన పత్తి మట్టిలో కలిసిపోతుంది. ఆ తర్వాత ఎవరొచ్చి చూసినా పత్తి పోయిందనడానికి కంటికి ఆనవాలు ఉండదు. పటంలో మాత్రం పంట బాగుందనే ఉంటుంది. ఎల్లవ్వ ఒక్కతే కాదు, చుట్టూ అందరి సంగతీ అదే.

రజిత ట్యాబ్ చంకలో పెట్టుకుంది. ఎల్లవ్వ చేయి పట్టుకుని, "నాలుగొద్దులు ఆగుతవా అవ్వా? సూసేటోళ్లను తోలిస్త" అంది.

"పదును ఆరిపోతది గద బిడ్డ."

"ఎరుకే. గయినా ఆగు."

ఎల్లవ్వ ఆకాశం వైపు, నేల వైపు చూసింది. మడమతో మట్టి నొక్కింది. "నాలుగొద్దులే మరి" అని నాలుగు రోజులకు ఒప్పుకుంది. వెళ్లేటప్పుడు కట్ట కట్టిన గునుగు పూలు కారులో పెట్టింది. వద్దని మేము అనలేకపోయాం.

కారులో రజిత ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతల ఆమె పై అధికారి. మంచివాడే, పని ఒత్తిడిలో ఉన్నాడు. ఒక్క చేను చూసి మండలం రంగు మార్చలేమన్నాడు. నిజంగా పంట ఉన్న చేలు, లేని చేలు పటంలోని మిగతా రెండు జిల్లాలు మహబూబాబాద్, భూపాలపల్లిలో కూడా చూసి, ఉపగ్రహం చిత్రంలో వాటికీ వీటికీ తేడా చూపిస్తే అప్పుడు మాట్లాడదామన్నాడు. "చూపిస్తాను" అంది రజిత. ఫోన్ పెట్టేశాక ట్యాబ్‌లో మిగతా జిల్లాల పటం తెరిచింది.

జఫర్‌గఢ్ దారిలో

జఫర్‌గఢ్ చేరబోతుండగా ఒక వాగు దగ్గర కారు బురదలో దిగబడింది. యాకయ్య దిగి చక్రం చుట్టూ తిరిగి, "గిది మన కారు కాదనుకోండ్రి" అన్నాడు. కలుపు తీయడానికి పోతున్న ఆడవాళ్లు ఆగారు. వాళ్లలో ఒకామె నన్ను కిందికి దిగమంది. నేను కూడా తోయడానికి చేయి వేస్తే, రజిత నా ఛాతీ చూపించి ఏదో చెప్పింది. అంతే, నన్ను పట్టుకెళ్లి గట్టు మీద కూర్చోబెట్టారు. "నువ్వు జర కూసో నాయినా, మేం జూసుకుంటం." ఆడవాళ్లు, యాకయ్య, నా భార్య కలిసి కారు తోస్తుంటే నేను గొడుగు వేసుకుని చూస్తూ కూర్చున్నాను. అంత మర్యాదగా నన్ను ఎవరూ ఎప్పుడూ సిగ్గుపడేలా చేయలేదు.

కారు బయటికి వచ్చాక వాళ్లు సద్ది మూట విప్పి సర్వపిండి పెట్టారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి గిన్నె అడుగున వత్తి కాలుస్తారు. మా వైపు దిబ్బరొట్టె మెత్తగా ఉంటుంది, ఇది కరకరలాడుతుంది. రజిత నాకు ఒక్క ముక్క తుంచి, ఉప్పు ఎక్కువుందని మిగతాది తానే తినేసింది. ఉప్పు అంత ఎక్కువేమీ లేదు.

అక్కడ చెరువు కింద వరి నిజంగానే పచ్చగా ఉంది. రజిత ట్యాబ్‌లో గుర్తు పెట్టుకుంది. గుట్ట మీద పాత కోట కనిపిస్తున్నా ఎక్కడానికి నాకు అనుమతి దొరకలేదు.

మహబూబాబాద్

మర్నాడు మహబూబాబాద్ దగ్గర ఒక ఊరు. అక్కడ నర్సిరెడ్డి పటేలు అని ఒకప్పటి సర్పంచ్, యాకయ్యకు తెలిసినాయన. బోర్లున్నాయి, పత్తి భుజాల ఎత్తు ఉంది, పక్కనే అప్పుడే నాటిన మిరప. రజితకు కావాల్సింది ఇదే, అనుమానం లేని పత్తి. పటేలు మాత్రం ఉపగ్రహం ఫొటోలో తన ఇల్లు కనిపిస్తుందా లేదా అన్న ఒక్క విషయమే పట్టుకున్నాడు. పైకప్పు కొత్తగా వేయించాడట. ట్యాబ్‌లో ఒక చిన్న బూడిద రంగు మచ్చ చూపిస్తే, "గింతేనా?" అని నీరసపడ్డాడు.

భోజనానికి జొన్నరొట్టె, బీరకాయ కూర, పచ్చిపులుసు. చింతపండు రసంలో పచ్చి ఉల్లిపాయలు నలిపి, పొయ్యి మీద పెట్టకుండానే పోస్తారు. మా ఇంట్లో చారు కాగకపోతే చారే కాదంటారు. నేను రెండోసారి పోయించుకున్నాను. పటేలు తల్లి నా పక్కన కూర్చుని, "గుండెల ఏసిన గా స్ప్రింగు నడుస్తుంటె సప్పుడైతదా కొడుకా?" అని అడిగింది. కాదని చెప్పాను. ఆమెకు నమ్మకం కుదరక ఛాతీ మీద చేయి పెట్టి చూసింది.

తిన్నాక నన్ను వేపచెట్టు కింద మంచం మీద పడుకోమని చెప్పి, రజిత, యాకయ్య చేలలోకి వెళ్లారు. నాకు నిద్ర రాలేదు. ఇంటి వెనక చెరువు కట్ట కనిపిస్తోంది, దాని మీద కొంగలు. ఫోన్ ఛార్జింగులో పెట్టి, నాలుగడుగులు వేసి వద్దామని బయల్దేరాను. నాలుగడుగులు కట్ట చివరి దాకా సాగాయి. తూము దగ్గర బంకమట్టి మీద కాలు జారి, కూర్చున్నట్టే కిందికి జారిపోయాను. దెబ్బ తగల్లేదు. లేద్దామంటే ఆయాసం వచ్చింది. సరే, ఊపిరి సర్దుకున్నాక లేద్దామని అక్కడే కూర్చుని కొంగలను చూస్తున్నాను.

ఎంతసేపైందో తెలియదు. కట్ట మీద ఎవరో పరిగెత్తుకుంటూ వస్తున్నారు. చూస్తే రజిత. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, జుట్టు ఊడిపోయి, చెప్పులు లేకుండా. మంచం మీద నేను లేను, ఫోన్ అక్కడే మోగుతోంది, ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె ఏమనుకుందో నాకు ఆ ముఖం చూస్తే అర్థమైంది.

"ఏడికి వోయినవయ్యా!" అని అరిచింది. "చెప్పకుంట ఏడికి వోయినవ్? నీకేమన్న అయితే నేనేం గావాలె? ఎవలి మొకం సూసి బతకాలె నేను?"

ఇన్నేళ్లలో ఆమె నన్ను నువ్వు అనలేదు. మా ఇంట్లో అది అలవాటు లేదు, ఆమె ఆ అలవాటు కూడా మా ఇంట్లోంచే నేర్చుకుంది. ఆ మాట విన్నప్పుడు నాకు తిట్టినట్టు అనిపించలేదు. ఎవరూ వినని చోట మనసులో ఆమె నన్ను ఎప్పుడూ అలాగే పిలుస్తుందేమో అనిపించింది. ఆస్పత్రిలో ఒక్కసారి కూడా ఏడవలేదు, డాక్టరు చెప్పిందంతా తల ఊపుతూ వింది. ఇప్పుడు తూము పక్కన బురదలో కూర్చుని, నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. నేను ఆమె వీపు మీద చేయి వేస్తే ఆమె జాకెట్టుకు నా చేతి బురద అంటింది.

"కొంగలు చూస్తున్నా" అన్నాను.

ఆమె కన్నీళ్లు తుడుచుకుని, చెరువు వైపు చూసి, "ఎన్ని కొంగలో" అంది. ఇద్దరం కాసేపు అక్కడే కూర్చున్నాం. తిరిగి నడుస్తున్నప్పుడు "మెల్లగా రండి, జారుతుంది" అంది.

భూపాలపల్లి

మూడో రోజు ములుగు మీదుగా భూపాలపల్లి. దారికి రెండు పక్కలా టేకు అడవి, తర్వాత ఉన్నట్టుండి బొగ్గు లారీలు. గనుల్లోంచి తవ్వి పోసిన మట్టి గుట్టల మీద చెట్లు పెంచారు. అవి కూడా పైనుంచి చిత్రంలో అడవి రంగులోనే కనిపిస్తాయట. లాడ్జిలో కిటికీ అంచున వేలితో గీస్తే నల్లగా అంటింది. కింద హోటల్లో పనివాళ్ల షిఫ్టు మారే వేళ, మిర్చి బజ్జీ వాసన మేడ దాకా వస్తోంది. నేను అటు చూడలేదని రజితకు సాక్ష్యం చెప్పడానికి యాకయ్య ఒప్పుకున్నాడు.

సాయంత్రం ఆమె మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని నాకు రెండు గీతలు చూపించింది. ఒకటి పటేలు పత్తిది. విత్తినప్పటి నుంచి మెల్లగా, ఆగకుండా మెట్లెక్కినట్టు పైకి పోయింది. రెండోది ఎల్లవ్వ చేనుది. కొంచెం లేచింది, తర్వాత కిందికి పడిపోయింది, వానలు పడ్డాక ఒక్కసారిగా పైకి దూకింది. మబ్బుల మధ్య అక్కడక్కడా దొరికిన ఒకటి రెండు చిత్రాల్లో ఆ పడిపోవడం కనిపిస్తోంది. చివరి చిత్రం ఒక్కటే చూస్తే రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

"ఇక్కడ చచ్చిపోయింది" అని వేలు పెట్టింది, గీత పడిపోయిన చోట. "ఇదిగో, ఈ వారంలో."

ఆ గీతలో అంతకు ముందు నాకు ఏమీ కనిపించలేదు. అప్పుడు కనిపించింది.

"ఇది పంపితే చాలదా?"

"ఇంకొక చోటు ఉంది. టేకుమట్ల దగ్గర. అక్కడ తిరగేసి ఉంది. అన్నీ పచ్చగా ఉన్న చోట ఒక్క చేను ఎండినట్టు చూపిస్తోంది. అదేమిటో చూడకుండా పంపితే, నా లెక్క మీద నాకే నమ్మకం ఉండదు."

టేకుమట్ల

ఆ చేను వెతుక్కుంటూ పోతే మాకు కనిపించింది బంతి తోట. కంటికి ఆనినంత మేర పసుపు, నారింజ. అంత దట్టంగా పూస్తే ఆకులు పైనుంచి కనిపించవు, పూలే కనిపిస్తాయి. పూలు ఆకులా ఎర్రని వెలుగును తినవు, దాన్నీ పైకే విసిరేస్తాయి, దాంతో రెండు వెలుగులకూ తేడా తగ్గిపోతుంది. అందుకని ఉపగ్రహం దాన్ని ఎండిన చేను అనుకుంది. రజిత గట్టు మీద నిలబడి గట్టిగా నవ్వింది. ఆ ప్రయాణంలో ఆమె అలా నవ్వడం గునుగు చూసినప్పటి తర్వాత మళ్లీ అప్పుడే.

ఆ తోట యజమానులు సంపత్, స్వప్న అనే యువ దంపతులు. పండుగకు అమ్మడానికి పూలు కోస్తున్నారు. ఎండిందని పటం అంటోందని చెబితే స్వప్న నడుం మీద చేతులు పెట్టుకుని, "ఎండిందా? గిదా? ఏ కండ్లతోని సూసింది అది?" అంది. సంపత్‌కు ఆ ఫొటోలు ఎప్పుడు తీస్తారో తెలుసుకోవాలని ఉంది.

"ఇవాళ తీస్తది" అంది రజిత. "మొగులు లేదు గద. పదిన్నర ప్రాంతంల మన మీదికెల్లి పోతది."

"ఇయ్యాల్నా? గిప్పుడా?"

టైము చూస్తే పదిన్నర కావస్తోంది. ఒక్క చుక్కలో ఎంత నేల పడుతుందని సంపత్ అడిగాడు. రజిత అడుగులు కొలిచినట్టు చేయి తిప్పి, "ఒక గుంట" అంది, అంటే ఎకరంలో నలభయ్యో వంతు. మనుషులు కనిపించరని, గుంట నేలంతా కలిపి ఒకే రంగుగా పడుతుందని వివరించింది. స్వప్న అంతా వింది. అయినా తలకు చుట్టుకున్న తువ్వాల విప్పేసి, ముఖం తుడుచుకుని, కొంగు సర్దుకుంది. మొగుడితో, "గా పూల గంప కింద వెట్టు, సక్కగ నిలవడు" అంది. సంపత్ చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. యాకయ్య కూడా కారు దగ్గర నుంచి గబగబా వచ్చి చివరన నిలబడ్డాడు.

ఆకాశం నీలంగా, ఖాళీగా ఉంది. ఏమీ కనిపించలేదు, ఏ చప్పుడూ లేదు. బంతి పూల మధ్య ఐదుగురం తలలు పైకెత్తి నిలబడ్డాం. రజిత నా చేయి పట్టుకుంది. ఎంతసేపు నిలబడాలో ఎవరికీ తెలియదు.

"అయిపోయిందా?" అంది స్వప్న పెదవులు కదలకుండా.

"అయిపోయింది" అంది రజిత.

వాళ్లింటి అరుగు మీద కూర్చుని ఆమె నివేదిక రాసింది. పచ్చగా ఉన్నదంతా పంట కాదని, దేవరుప్పుల మెట్ట చేలను మనుషులు వెళ్లి చూసే దాకా పంట కింద చూపకూడదని, చూడటం కూడా రెండు రోజుల్లో జరగాలని, లేకపోతే రైతులు దున్నేసుకుంటారని రాసింది. గీతలు, ఫొటోలు జత చేసింది. స్వప్న మాకు మక్క గారెలు, అంటే మొక్కజొన్న గారెలు, పెట్టింది. నాకు రెండు దొరికాయి, రజిత ధ్యాస లాప్‌టాప్ మీద ఉంది కాబట్టి.

చిట్యాల దాటి పరకాల వైపు వస్తుండగా పై అధికారి నుంచి ఫోన్ వచ్చింది. మొదట కొంత కోప్పడ్డాడు, గడువు దాటుతోందన్నాడు. రజిత ఒక్కటే మాట చెప్పింది, "నేను పెట్టిన రంగును నమ్మి ఎవరూ ఆ చేను వైపు వెళ్లకపోతే, నేను ఎలా నిద్రపోతాను సార్?" తర్వాత ఆయన గొంతు మెత్తబడింది. రెండు గీతలూ చూశానని, బాగా చేశావని, జనగామకు తానే మాట్లాడతానని అన్నాడు. ఆమె ఫోన్ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. యాకయ్య పాటల చప్పుడు తగ్గించాడు. హనుమకొండ వచ్చేదాకా ఆమె నా భుజం మీదే నిద్రపోయింది.

ఇంటికొచ్చాక

చెప్పిన గడువులోనే మండలం నుంచి మనుషులు చేలకు వెళ్లారు. ఎల్లవ్వ ఫోన్ చేసి చెప్పింది. "వచ్చి సూసి, పత్తి కట్టెలు పీకి సూసి రాసుకొని పోయిండ్రు బిడ్డ. మా ఊరంత తిరిగిండ్రు. ఆల్లు గట్ల పోంగనె నేను ట్రాక్టర్ పిలిశిన. పదును సగం ఆరింది. గయినా జొన్న ఏసిన. సూడాలె."

కొత్త పటంలో దేవరుప్పుల మెట్ట రంగు మారింది. ముదురాకుపచ్చ పోయి మట్టి రంగు వచ్చింది. అంతవరకూ అనుకున్నట్టే జరిగింది. కానీ రజితకు స్థిమితం లేదు. తన మాట మీద ఆగినందుకు ఆ తడి ఆరిపోయి జొన్న మొలవకపోతే ఏమిటన్నది ఆమె బెంగ. ఉపగ్రహం ఆ మీదుగా పోయిన ప్రతిసారీ, ఆఫీసు పని మొదలుపెట్టే ముందు ఆ చెలక చూసేది. మొలక చిన్నగా ఉన్నంతకాలం పైకి కనిపించదు, నేలే కనిపిస్తుంది. "ఇవాళ కూడా మట్టే" అని సాయంత్రం వచ్చి చెప్పేది. ఎల్లవ్వకు ఫోన్ చేసి అడగవచ్చు కదా అంటే, "లేదంటే ఏం చెప్పను?" అనేది.

నేను మళ్లీ కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక రోజు పాఠం మధ్యలో ఆమె ఫోన్ చేసింది. ఎప్పుడూ అలా చేయదు. పుస్తకం బల్ల మీద వదిలేసి వరండాలోకి వచ్చాను.

"జొన్న కనిపిస్తోందండీ" అంది. "లేతగా. చెలక మొత్తం." ముక్కు ఎగబీల్చింది. "అవ్వకు మీరు చెప్పండి. నేను మాట్లాడలేను."

మధ్యాహ్నం నేనే ఎల్లవ్వకు ఫోన్ చేశాను. నీ జొన్న పైనుంచి కనిపించిందట అని చెప్పాను.

"గిప్పుడు కనవడ్డదా?" అని ఆశ్చర్యపోయింది. "మోకాలెత్తు అయింది గద నాయినా!" తర్వాత నా ఆరోగ్యం అడిగింది, బిడ్డ మంచిగున్నదా అని అడిగింది. కంకి పాలు పోసుకున్నప్పుడు ఇద్దరూ రావాలని, ఊసబియ్యం కాల్చి పెడతానని చెప్పింది. అవి లేత జొన్న గింజలు, కంకిని నిప్పుల మీద కాల్చి అరచేతిలో నలుపుకుని తింటారట.

రజితకు ఫోన్ చేసి, అవ్వ రమ్మంటోందని చెప్పాను.

"పోదాం" అంది. "ఈసారి ఏ పనీ పెట్టుకోకుండా పోదాం."